సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పించిన వార్షిక నివేదిక

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, కడప ఎండను లెక్కచేయక ఈ సభకు వచ్చిన సభ్యులందరికీ నమస్కారం. గడిచిన ఏడాది పనులను సభ ముందుంచడం నియమావళి ప్రకారం కార్యదర్శి బాధ్యత. ఈసారి చెప్పుకోదగ్గ పని ప్రధానంగా ఒకటే గనుక నివేదికలో ఎక్కువ భాగం దానికే కేటాయించాను. ఉచిత ఆఫీసు సాఫ్ట్‌వేర్ అయిన లిబ్రెఆఫీస్‌ను సోర్సుకోడ్ నుంచి, అంటే ప్రోగ్రామర్లు రాసిన మూలరూపం నుంచి, మనమే తయారుచేసుకోగల బిల్డ్ మెషీన్ సంఘం గదిలో సిద్ధమైంది.

మన అనువాదకులు వెబ్‌లేట్ అనే ఆన్‌లైన్ అనువాద వేదికలో దిద్దే తెలుగు మాటలు తెర మీద ఎలా కనబడతాయో చూడాలంటే ఇంతకాలం కొత్త విడుదల వచ్చేదాకా ఆగవలసి వచ్చేది. మాట పొడవై గడి అంచు దాటిపోయిందని అప్పుడు తెలిస్తే, దిద్దుబాటు కోసం మరో విడుదలకు ఎదురుచూడాలి. ఈ ఇబ్బంది తొలగించాలన్న తీర్మానం క్రిందటి సభలోనే జరిగింది.

యంత్రం ప్రొద్దుటూరు సభ్యులొకరు తమ డీటీపీ దుకాణం మూసివేస్తూ ఇచ్చినది. నాలుగు కోర్ల ప్రాసెసరు, 8 జీబీ మెమరీ ఉన్నాయి. అందులో అప్పటికే ఉన్న డెబియన్ 11 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌తోనే పని మొదలుపెట్టాం గానీ, సోర్సుకోడ్‌ను ప్రోగ్రాముగా మార్చే దాని జీసీసీ కంపైలర్ పాతదైన 10వ శ్రేణిది కావడంతో, కావలసిన సాధనాలున్నాయో లేదో చూసే ఆటోజెన్ దశలోనే పని ఆగిపోయింది. కంపైలర్‌ను ఒక్కదాన్నే మార్చే ప్రయత్నాలు మాని, జీసీసీ 12 ఉన్న డెబియన్ 12 ను మొదటినుంచి వేసుకోవడం మంచిదని నిర్ణయించాం. కంపైలర్ సాధనాల కట్ట అయిన బిల్డ్-ఎసెన్షియల్, ఫైళ్లలో మార్పులను నమోదుచేసే గిట్, జావా కిట్ 17 ముందుగా వేశాం. మిగిలిన వాటిని ఒక్కొక్కటిగా వెదకనక్కరలేదు. లిబ్రెఆఫీస్‌కు కావలసినవన్నీ తెచ్చిపెట్టే బిల్డ్-డెప్ ఆదేశం డెబియన్‌లో ఉంది. అయితే సోర్సు ప్యాకేజీల చిరునామా జాబితాలో లేకపోతే ఆ ఆదేశం పనిచేయదు. అనవసరమనుకుని ఆ వరుసను మేమే తీసివేశాం, దాని ఫలితంగా ఒక ఆదివారమంతా వృథా అయింది. డెబియన్ ప్యాకేజీ కన్నా మనం తెచ్చుకున్న సోర్సు కొత్తది కావడం వల్ల ఆ తరువాత కూడా కొన్ని సాధనాలు తక్కువపడ్డాయి. ఆటోజెన్ వాటి పేర్లన్నీ ఒకేసారి చెప్పదు, ఒకటి తీరిస్తేనే రెండోది అడుగుతుంది. అడిగిన ప్రతిదాని పేరును, వెర్షన్ సంఖ్యను, వేసిన ఆదేశాన్ని మైదుకూరు సభ్యురాలు వరుసక్రమంలో ఒక ఫైలులో రాసి పెట్టారు. ఈ ఏడాది సంఘానికి దక్కిన అసలైన ఆస్తి ఆ ఫైలేనని నా అభిప్రాయం. నేను లేకపోయినా, ఈ యంత్రమే పాడైనా, ఎవరైనా దాన్ని చూసి మరో యంత్రాన్ని సిద్ధం చేయగలరు.

సాధనాలన్నీ కుదిరాక కూడా బిల్డ్ నడుమ నడుమ ఆగిపోయేది, తెర మీద ‘కిల్డ్’ అన్న ఒక్క మాట తప్ప కారణం కనబడేది కాదు. నాలుగు కోర్లలోనూ ఒకేసారి కంపైలర్ నడిచేసరికి 8 జీబీ మెమరీ చాలక, ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నలే ఆ పనిని ఆపివేస్తోందని లాగ్ చూశాక తెలిసింది. చందాలతో మరో 8 జీబీ కొనేదాకా రెండు పనులే సమాంతరంగా నడిపాం.

అన్నిటికన్నా ఎక్కువగా వేధించింది గడియారం. ఒక రాత్రి కరెంటు పోయి వచ్చిన తరువాత, దిద్దిన తెలుగు మాటలు బిల్డ్‌లోకి చేరడం మానేశాయి. మదర్‌బోర్డు మీది సెల్ అయిపోవడంతో యంత్రం తేదీ నెలల తరబడి వెనక్కి పోయింది. సోర్సు ఫైలు తేదీ దాని నుంచి పుట్టిన ఫైలు తేదీ కన్నా కొత్తదైతేనే, బిల్డ్‌ను నడిపించే మేక్ అనే సాధనం ఆ రెండోదాన్ని మళ్లీ తయారుచేస్తుంది. మేము ఆనాడు దిద్దిన ఫైళ్ల మీద పాత తేదీలు పడ్డాయి గనుక మేక్ వాటిని ముట్టుకోలేదు. అనువాదం తప్పేమోనని అనువాదకులను అనవసరంగా ప్రశ్నించాం, అందుకు వారిని ఈ సభాముఖంగా క్షమాపణ కోరుతున్నాను. డెబియన్ ప్యాకేజీల జాబితాకు చెందిన విడుదల ఫైలు ఇంకా చెల్లుబాటులోకి రాలేదని, ప్యాకేజీలు తెచ్చిపెట్టే ఆప్ట్ చెప్పినప్పుడు గానీ అసలు కారణం తట్టలేదు. సీఆర్2032 సెల్ మార్చి, సమయాన్ని నెట్ నుంచి సరిచేసే సేవను కూడా వేశాం.

జనవరిలో ఒక శనివారం సాయంత్రం ఆరు గంటలకు తెలుగును ఎంచుకుని మొదలుపెట్టిన బిల్డ్ మరునాడు తెల్లవారుజామున పూర్తయింది. ఏడుగురు సభ్యులు రాత్రంతా గదిలోనే ఉన్నారు. లిబ్రెఆఫీస్‌లో రాతపనికి వాడే రైటర్ తెరుచుకుని, మనవాళ్లు అంతకు ముందురోజు దిద్దిన మాటలే మెనూల్లో కనబడినప్పుడు కలిగిన సంతోషాన్ని రాయడం నాకు చేతకాదు. 1820లో కడపకు వచ్చిన బ్రౌన్ దొర ఈ ఊళ్లోనే పండితులకు జీతాలిచ్చి, తాళపత్ర ప్రతులను పక్కపక్కన పెట్టి, తేడాలు గుర్తింపజేసి, శుద్ధప్రతులు రాయించారు. పాత అనువాదాన్నీ కొత్తదాన్నీ గిట్‌లో పోల్చి చూస్తున్నప్పుడు ఆ రాత్రి మా అందరికీ ఆయనే గుర్తుకొచ్చారు. కంపైల్ అయిన ఫలితాలను దాచిపెట్టే సీక్యాష్ వేసినందున ఒకసారి కంపైల్ అయినవి మళ్లీ మొదటినుంచి కావడం లేదు, తరువాతి బిల్డ్‌లు చాలా తక్కువ సమయంలో ముగుస్తున్నాయి.

యంత్రమిచ్చిన దాతకు, యూపీఎస్ ఉచితంగా బాగుచేసిన మిత్రునికి, ఆ రాత్రి ఉగ్గాని బజ్జీ పంపిన కోశాధికారి గారి ఇంటివారికి, గది అద్దె పెంచని యజమానికి సంఘం తరఫున కృతజ్ఞతలు. జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు విడిగా జతపరిచారు. దాన్ని ఆమోదించవలసిందిగా కోరుతున్నాను.

ఒక బాధను కూడా చెప్పక తప్పదు. పేర్లిచ్చిన సభ్యులు ఇరవైమంది పైగా ఉన్నా, ప్రతి ఆదివారం గది తెరిచింది ముగ్గురమే. వస్తామని చెప్పి రానివారి కోసం పని ఆపి కూర్చున్న రోజులున్నాయి. ఇంటర్నెట్ లైను ఇప్పిస్తామన్న కార్యాలయానికి నాలుగు అర్జీలు ఇచ్చాం, ఒక్కదానికీ జవాబు రాలేదు. సోర్సు అంతా సభ్యుల ఫోన్ల డేటాతోనే దింపుకున్నాం.

వచ్చే ఏడాది డెబియన్ 13కు మారవలసి ఉంది. ఈసారి ఆ పనిని ఫైలులో రాసిన వరుస ప్రకారం, ఇంతవరకు యంత్రం ముట్టని సభ్యులే చేయాలని ప్రతిపాదిస్తున్నాను. మేము పక్కన ఉంటాం. గది తాళంచెవులు ఒకటి నా దగ్గర, ఒకటి కోశాధికారి గారి దగ్గర ఉన్నాయి. మూడోది తీసుకునే సభ్యుని పేరు ఈ సభలోనే మినిట్స్ పుస్తకంలో నమోదు చేయవలసిందిగా అధ్యక్షుల వారిని కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి