‘స్కాన్ చేశారు, లోపం లేదు’ అంటే సరిపోదండీ

ఎడిటర్ గారికి,

నమస్కారం. బాయిలర్ పేలినా, వంతెనకు బీటలు వచ్చినా, రైలు పట్టా విరిగినా వార్త చివర్లో తరచూ ఒక వాక్యం కనిపిస్తుంది, ‘గతంలో అల్ట్రాసౌండ్ పరికరంతో తనిఖీ చేయగా లోపాలేవీ బయటపడలేదు’ అని. అంతే, ఇంక ఎవరూ ఏమీ అడగరు. వెల్డింగ్ తనిఖీ పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, మేం రిపోర్టులో అలా రాశామంటే చూసినంత మేర, చూసిన కోణంలో, పరికరానికి అందే సైజులో ఏదీ తగల్లేదని అర్థం. లోపలంతా భేషుగ్గా ఉందని మేం ఎప్పుడూ హామీ ఇవ్వం, ఇవ్వలేం కూడా.

పని జరిగే తీరు మాత్రం నిజంగా ముచ్చటగా ఉంటుంది. లోహానికి ఆనించే ప్రోబ్ అనే పరికరంలోని పీజోఎలక్ట్రిక్ బిళ్ల కరెంటు అందగానే కంపించి లోహంలోకి శబ్దం పంపుతుంది. మన చెవికి 20 కిలోహెర్ట్జ్ దాటితే వినపడదు, ఉక్కు వెల్డింగులకు మేం వాడేది మామూలుగా 2 నుంచి 5 మెగాహెర్ట్జ్. ఉక్కులో ఆ శబ్దం నేరుగా పోతే వేగం సెకనుకు దాదాపు 5,900 మీటర్లు, అంటే 10 మిల్లీమీటర్ల ప్లేటులో అవతలి అంచు దాకా పోయి తిరిగి రావడానికి పట్టేది 3.4 మైక్రోసెకన్లు. మధ్యలో పగులుంటే ఎకో, అంటే తిరిగొచ్చే శబ్దం, అంతకంటే ముందే వచ్చేస్తుంది, ఎందుకంటే పగులులో ఉండేది గాలి, ఉక్కులోంచి గాలిలోకి శబ్దం దాదాపు పోదు, మొత్తం వెనక్కి కొడుతుంది.

చిక్కంతా కూడా ఈ గాలితోనే. ప్రోబ్‌కీ లోహానికీ మధ్య సన్నటి గాలి పొర మిగిలినా శబ్దం లోపలికే వెళ్లదు, అందుకే జెల్లో నూనో రాస్తాం, గర్భిణులకు స్కాన్ చేసేటప్పుడు పొట్ట మీద జెల్ రాసేదీ ఇందుకే. నిటారుగా చూసే ప్రోబ్ అయితే జెల్ ఆరిపోగానే అవతలి అంచు నుంచి రావలసిన ఎకో మాయమవుతుంది కాబట్టి వెంటనే తెలిసిపోతుంది. వెల్డింగుకు వాడే, శబ్దాన్ని ఏటవాలుగా పంపే యాంగిల్ ప్రోబ్‌కి ఆ ఎకో మామూలుగా ఉండదు. దాంతో జెల్ అందని చోట స్క్రీనూ, లోపం లేని వెల్డింగు స్క్రీనూ దాదాపు ఒకేలా ఖాళీగా ఉంటాయి! ఎండలో, నిచ్చెన మీద నిలబడి, సాయంత్రంలోగా అయిపోవాలన్న టెన్షన్‌లో ఉన్న మనిషి ఆ తేడా కనిపెట్టాలి.

తర్వాత కోణం. పగులు శబ్దానికి అడ్డంగా ఉంటే గట్టి ఎకో ఇస్తుంది, శబ్దం వెళ్లే దారికి సమాంతరంగా ఉంటే పక్కనుంచి జారిపోతుంది. అందుకే 45, 60, 70 డిగ్రీల ప్రోబ్‌లు ఉన్నాయి, వీలైతే వెల్డింగుకు రెండు వైపుల నుంచీ చూడాలి. ఒక్క కోణంలో చూసి సంతకం పెడితే నా లెక్కలో అది సగం పనే. పోత ఇనుములోనూ కొన్ని రకాల స్టెయిన్‌లెస్ వెల్డింగుల్లోనూ రేణువులు పెద్దవి కావడంతో శబ్దం చెదిరిపోయి స్క్రీన్ నిండా గడ్డి మొలిచినట్టు ఉంటుంది, అందులో అసలు ఎకోను వెతుక్కోవాలి. కాంక్రీటు గొడవ వేరు, అక్కడ తక్కువ ఫ్రీక్వెన్సీతో శబ్దవేగం కొలుస్తారు, కానీ లోపలి ఇనుప చువ్వల వెంట శబ్దం వేగంగా పోయి బలహీనమైన కాంక్రీటును కూడా మంచిదిగా చూపించగలదు.

ఇంగ్లండ్‌లోని హాట్‌ఫీల్డ్ దగ్గర 2000 అక్టోబర్ 17న పట్టా ముక్కలై రైలు పట్టాలు తప్పింది, నలుగురు చనిపోయారు. చక్రాల ఒత్తిడికి పట్టా మూలన పుట్టే సన్నటి పగుళ్లు దానికి కారణం. ఇలాంటి పైపగుళ్లు గుంపుగా ఉంటే శబ్దాన్ని అక్కడే ఆపేస్తాయి, కింద లోతుకు దిగిన పగులు వాటి చాటున దాక్కుంటుంది. పైగా ఆ పట్టా బాగాలేదని ముందే తెలుసు, మార్చాలనీ అనుకున్నారు, మార్చేలోపే విరిగింది. పరికరం ఎంత కొత్తదైనా ఇలాంటి జాప్యాన్ని పట్టుకోలేదు కదా.

అంచేత మీ విలేకరులకు ఒక మనవి. స్కాన్ చేశామని ఎవరైనా చెబితే ఏ కోణాల్లో చూశారు, ఏ రిఫరెన్స్ బ్లాక్ (కొలతలు ముందే తెలిసిన నమూనా ముక్క) మీద పరికరాన్ని సరిచూసి క్యాలిబ్రేషన్ చేశారు, చూసినవాళ్లకు ఐఎస్ఓ 9712 లాంటి అర్హత సర్టిఫికెట్ ఏ లెవెల్‌ది ఉంది అని అడగండి. చేత్తో చేసే స్కాన్‌లో చాలాసార్లు సంతకం చేసిన కాగితం తప్ప ఇంకేమీ మిగలదు, ఎక్స్‌రే తీస్తే కనీసం ఫిల్మ్ అయినా ఉంటుంది. కాబట్టి డేటా రికార్డు చేశారా లేదా అన్నదీ కనుక్కోండి. అడ్డంకుల వల్ల ప్రోబ్ పెట్టలేకపోయిన భాగాలేవో కూడా సరైన రిపోర్టులో రాసి ఉండాలి, మిగతాదేదీ వేయకపోయినా ఆ ఒక్క లైను వేయండి.

ఇట్లు,
వెల్డింగ్ తనిఖీ పనిలో ఉన్న మీ పాఠకుడు