పరీక్ష చేయాల్సింది ట్యాంకు కింద కాదు, ఊరి చివరి కుళాయి దగ్గర

సంపాదకులకు నమస్కారం.

వానలు మొదలయ్యాయంటే జిల్లా పేజీల్లో ఏదో ఒక ఊరి పేరుతో వాంతులు, విరేచనాల వార్త వస్తుంది. మర్నాడు అధికారులు వెళ్తారు. ట్యాంకు కడిగిస్తారు, కాలువల గట్ల మీద బ్లీచింగ్ చల్లిస్తారు, నీటి నమూనాలు పరీక్షకు పంపుతారు. వారం తిరిగేసరికి మళ్లీ ఎప్పటి మాదిరే. నిజానికి ఆ రెండు రోజుల హడావుడిలో చేసే పనులన్నీ పంచాయతీ ఏడాది పొడవునా చేయాల్సినవే. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాలు ఉన్నాయి. వాటిలో పదకొండోది తాగునీరు. ఈ షెడ్యూలును తెచ్చిన 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత కూడా గ్రామసభ ఎజెండాలో సీసీ రోడ్డు ఉంటుంది, వీధిదీపాలు ఉంటాయి, బ్లీచింగ్ లెక్క మాత్రం కనపడదు. ఆ లెక్కను మామూలు ఓటరు కూడా ఎలా అడగవచ్చో, ఎలా సరిచూసుకోవచ్చో చెప్పడానికే ఈ ఉత్తరం.

1,500 మంది జనాభా, 40,000 లీటర్ల ఓవర్‌హెడ్ ట్యాంకు ఉన్న ఊరిని తీసుకుందాం. ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలంటే 82,500 లీటర్లు కావాలి. అంటే ట్యాంకును రోజుకు రెండుసార్లకు కొంచెం పైనే నింపాలి, లెక్కకు రెండనుకుందాం. మామూలు బోరు నీటికి లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ మోతాదుతో మొదలుపెట్టవచ్చు. తాజా బ్లీచింగ్ పౌడర్‌లో సుమారు 33 శాతం క్లోరిన్ ఉంటుంది. బస్తా విప్పి కొన్నాళ్లయితే అది 25 శాతానికో, ఇంకా కిందికో దిగుతుంది. 25 శాతం అనుకుంటే వెయ్యి లీటర్లకు 8 గ్రాములు, ఒక ట్యాంకుకు 320 గ్రాములు. రోజుకు రెండు ట్యాంకులు కాబట్టి 640 గ్రాములు, నెలకు 19 కిలోల పైచిలుకు. 25 కిలోల బస్తా 39 రోజులు వస్తుంది.

ఈ 39 అనే అంకెను వార్డు సభ్యులు గుర్తు పెట్టుకోవాలి. ఇంత పరిమాణం ఉన్న ఊళ్లో ఒకే బస్తా మూడు నెలలు వచ్చిందని స్టాకు రిజిస్టరు చెబుతుంటే సగానికి పైగా రోజులు నీళ్లలో బ్లీచింగ్ పడలేదన్నమాట, లేదా ప్రతిసారీ పిడికెడు వేసి వదిలేశారన్నమాట. దానికి ఇంజినీరు రానక్కర్లేదు, రిజిస్టరు తెరిచి భాగహారం చేస్తే చాలు. అయితే ఒక చిక్కు ఉంది. మురుగు కాలువల మీద చల్లే బ్లీచింగ్, ట్యాంకులో కలిపే బ్లీచింగ్ చాలాచోట్ల ఒకే పద్దు కింద రాస్తారు. అలా రాసినంత కాలం ఏది ఎంత వాడారో ఎవరికీ తేలదు. ఈ రెండింటికీ వేర్వేరు పేజీలు పెట్టమని పంచాయతీ కార్యదర్శిని అడగడం మొదటి పని.

తరచుగా జరిగే పొరపాటు ఇంకొకటి. పొద్దున నింపే ట్యాంకులో బ్లీచింగ్ వేస్తారు, సాయంత్రం నింపే దానిలో వేయరు. సాయంత్రం నీళ్లు వచ్చే వీధులవాళ్లు ఏడాది పొడవునా క్లోరిన్ లేని నీళ్లే తాగుతుంటారు. ట్యాంకు మరమ్మతులో ఉందనో, కరెంటు వేళలు కుదరడం లేదనో బోరు నీటిని నేరుగా పైపులైనులోకి వదలడం దీనికన్నా ప్రమాదం, అందులో మందు కలిపే చోటే ఉండదు. అలా నేరుగా వదిలిన రోజులను కూడా లాగ్ బుక్కులో రాయించాలి.

కలిపే పద్ధతిలోనూ తప్పులు జరుగుతాయి. పొడిని గుడ్డలో మూట కట్టి ట్యాంకులో వేలాడదీయడం, మూత తీసి పొడినే పైనుంచి పోయడం, రెండూ పనికిరావు. పొడిలో సున్నం చాలా ఉంటుంది. అది కరగక ట్యాంకు అడుగున పేరుకుంటుంది, వాల్వుల్లో గట్టిపడుతుంది. ప్లాస్టిక్ బకెట్‌లో ముందు కొద్ది నీళ్లతో ముద్దలా కలిపి, తర్వాత బకెట్ నిండా నీళ్లు పోసి కర్రతో తిప్పి, అరగంట కదపకుండా ఉంచాలి. పైన తేరిన నీటినే ట్యాంకులో పోయాలి, అడుగున మిగిలిన సున్నాన్ని బోరుకు దూరంగా పారబోయాలి. అదీ ట్యాంకు సగం నిండినప్పుడు పోస్తే మిగతా సగం పడే ఉరవడికి నీళ్లలో చక్కగా కలుస్తుంది. కలిపాక కనీసం అరగంట ఆగి వాల్వు తిప్పాలి. నీళ్లు బురదగా ఉంటే క్లోరిన్ ఆ మట్టికే ఖర్చయిపోతుంది. వాగు పక్క బావి నుంచి నీళ్లు తోడే ఊళ్లలో వానాకాలం అదే మోతాదు ఎందుకు చాలదో దీన్నిబట్టి తెలుస్తుంది. ఇక బస్తాను మోటారు గదిలో స్టార్టరు పక్కన పెట్టకూడదు. పొడి చెమ్మగిల్లి బలం పోవడమే కాదు, ఆ ఆవిరికి స్టార్టరు కాంటాక్టులు తుప్పు పడతాయి. మూత గట్టిగా బిగిసే ప్లాస్టిక్ డ్రమ్ములో, ఎండ తగలని చోట, నెలా రెండు నెలలకు సరిపడా నిల్వే ఉండాలి.

ఇంత జాగ్రత్తగా కలిపినా అసలు సంగతి తేలేది చివరి కుళాయి దగ్గరే. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కుళాయి నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. చాలా ఊళ్లలో ఈ పరీక్ష చేసేది ట్యాంకు కింది కుళాయి దగ్గర. అక్కడ రంగు ఎప్పుడూ బాగానే వస్తుంది, ఆ అంకెనే పుస్తకంలో ఎక్కిస్తారు. కానీ జనం జబ్బు పడేది నీటి ఒత్తిడి తక్కువై, లైను పొడవై, నీళ్లు అందీ అందనట్టు వచ్చే చివరి వీధిలో. మన ఊళ్లలో ఆ చివరి వీధి ఎవరిదో వేరే చెప్పనక్కర్లేదు.

పరీక్ష పెద్ద పనేమీ కాదు. నీళ్లు వదిలాక కుళాయిని ఒక నిమిషం పారనివ్వాలి. క్లోరిన్ పరీక్ష కిట్టులోని గాజు గొట్టంలో గీత దాకా నీళ్లు పట్టి, సీసా మీద చెప్పినన్ని ఆర్థోటోలిడిన్ (క్లోరిన్ ఉంటే రంగు తెచ్చే రసాయనం) చుక్కలు వేసి కలిపి, వచ్చిన పసుపు రంగును పక్కనున్న రంగుల పట్టీతో పోల్చాలి. పది సెకన్లలోపే చూడాలి. ఆలస్యం చేస్తే రంగు ముదిరి లేని క్లోరిన్ ఉన్నట్టు కనిపిస్తుంది. ఇదే పనికి వాడే మరో రసాయనం డీపీడీ మాత్రల కిట్టు అయితే గులాబీ రంగు వస్తుంది, దొరికితే అదే మేలు. పరీక్ష చేసిన నీళ్లు తాగకూడదు, పారబోయాలి.

ఒక్క అంకె చూసి ఆగిపోకుండా వరసగా చూస్తే పైపులైను గుట్టు బయటపడుతుంది. లీటరుకు మిల్లీగ్రాముల్లో ట్యాంకు దగ్గర 1.0, ఊరి మధ్యలో 0.6, చివర 0.3 వస్తే లైను ఆరోగ్యంగా ఉన్నట్టు. ట్యాంకు దగ్గర 1.0, మధ్యలో 0.6, ఒక సందులో మాత్రం సున్నా వచ్చిందంటే ఆ సందులో ఎక్కడో మురుగు కలిసి క్లోరిన్‌ను ఖర్చు చేసేస్తోందని అనుమానించి తవ్వాలి. నీళ్లు వాసన రాకముందే, రంగు మారకముందే ఈ సున్నా హెచ్చరిస్తుంది. అన్నిచోట్లా సున్నా వస్తే అసలు మందే పడలేదు, లేదా పొడి చచ్చిపోయింది.

మురుగు ఎలా కలుస్తుందో కూడా ఊరికి తెలియాలి. గంటసేపు నీళ్లు వదిలి మిగతా రోజంతా ఆపేస్తే పైపు ఖాళీ అవుతుంది. ఖాళీ పైపు లోపలికి పీలుస్తుంది. పైపు సైడు కాలువలోంచి పోయే చోట జాయింటు కొద్దిగా వదులైనా చాలు, కాలువ నీళ్లు లోపలికి చేరతాయి. మర్నాడు మొదట వచ్చే రెండు బిందెల నీళ్లు అవే. కుళాయిలకు మోటార్లు బిగిస్తే ఈ పీల్చడం ఇంకా బలంగా జరుగుతుంది, పైగా పై ఇంటి మోటారు కింది ఇళ్ల నీళ్లను లాగేస్తుంది. గుంత కుళాయిలదీ ఇదే కథ. ధార సన్నగా వస్తోందని గుంత తవ్వి కుళాయిని కిందికి దించుతారు, వాడిన నీళ్లు ఆ గుంతలోనే నిలుస్తాయి, సరఫరా ఆగగానే మునిగి ఉన్న కుళాయి వాటిని వెనక్కి లాగుతుంది. గుంత పూడ్చమని నోటీసు ఇస్తే సరిపోదు. ధార లేకనే కదా వాళ్లు తవ్వింది! ఊరిని రెండు భాగాలుగా వాల్వులతో విడదీసి వంతులవారీగా వదిలితే చివరి ఇళ్లకూ ధార వస్తుంది, అప్పుడు కుళాయిని గట్టు మీదికి లేపవచ్చు. కాలువ దాటే చోట పైపును కాలువ పైనుంచి తీసుకెళ్లాలి, వీలు కాకపోతే ఇనుప గొట్టం తొడుగులోంచి పంపాలి. కొత్త కాలువ కట్టేటప్పుడు కాంట్రాక్టరు పాత పైపును కాలువ గోడలోనే కప్పేయడం మామూలైపోయింది. వార్డు సభ్యుడు దగ్గరుండి ఆపాల్సింది అప్పుడే.

ట్యాంకు కడగడం గురించి కొద్దిగా. ముందురోజే చాటింపు వేయించాలి. వాష్ అవుట్ వాల్వు తెరిచి నీళ్లు వదిలేశాక మూతలు తీసి గాలి ఆడనిచ్చి, ఒకరు బయట కాపలా ఉండగానే మరొకరు లోపలికి దిగాలి. అడుగు బురద ఎత్తి, గోడలు, నిచ్చెన మెట్లు బ్రష్షుతో రుద్ది కడిగాక, పది లీటర్ల నీటికి 8 గ్రాముల లెక్కన బ్లీచింగ్ కలిపి గోడలకు పట్టించాలి. అరగంట తర్వాత మళ్లీ కడగాలి. ఓవర్‌ఫ్లో గొట్టానికి, గాలి గొట్టానికి జాలీ లేకపోతే పిట్టలు, ఉడతలు లోపల పడతాయి. పైమూతకు తాళం ఉండాలి. స్తంభం మీద తేదీ రాస్తే సరిపోదు, కడిగిన రోజు వార్డు సభ్యుడు చూసి లాగ్ బుక్కులో సంతకం పెట్టాలి.

బ్లీచింగ్ అన్నిటికీ మందు కాదన్నది కూడా చెప్పాలి. ఫ్లోరైడ్, నైట్రేట్ దీనితో పోవు, నీళ్లు మరగబెట్టినా పోవు. వాటికోసం ఏడాదికొకసారి రసాయన పరీక్ష, క్రిముల కోసం వానలకు ముందొకసారి, తర్వాత ఒకసారి ప్రయోగశాల పరీక్ష చేయించి ఆ కాగితాన్ని పంచాయతీ గోడకు అంటించాలి. ఊళ్లోనే చేసుకునే హెచ్2ఎస్ (హైడ్రోజన్ సల్ఫైడ్) సీసా పరీక్ష కూడా ఉంది. నీళ్లు పోసి వెచ్చని చోట ఉంచితే 24 నుంచి 48 గంటల్లో నల్లబడితే ఆ నీటిలో మలం కలిసిందని అనుమానించాలి.

వాసన వస్తోందని జనం గొడవ చేస్తే వాటర్‌మన్ బ్లీచింగ్ మానేస్తాడు, సర్పంచి కూడా ఊరుకుంటారు. మోతాదు ఒకరోజు ఎక్కువ, మూడు రోజులు సున్నా అయితేనే ఆ ఘాటు. రోజూ ఒకే కొలతతో వేస్తే వాసన తక్కువ, బిందెలో కాసేపు ఉంచితే అదీ తగ్గుతుంది. ఇది జనానికి చెప్పాల్సిన చోటు గ్రామసభే. మేం క్యాన్ నీళ్లే తాగుతాం, కుళాయి నీళ్ల సంగతి మాకెందుకు అనేవాళ్లకు కూడా ఒక మాట. గిన్నెలు కడిగేది, పసిపిల్లల నోరు కడిగేది కుళాయి నీళ్లతోనే. క్యాన్ కొనలేని ఇళ్లు ఊరూరా ఉన్నాయి.

డబ్బు లేదనే జవాబు ఈ పనికి చెల్లదు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పంచాయతీలకు సిఫారసు చేసిన గ్రాంట్లలో 60 శాతం షరతులతో కూడినవి, అందులో సగం తాగునీరు, వాననీటి నిల్వ, నీటి పునర్వినియోగం పనులకే. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు మహిళలకు కిట్టుతో పరీక్ష చేయడం నేర్పాలని కూడా ఉంది. మందు కలిపే మనిషే పరీక్ష అంకె రాయకూడదు. ఆ రాసే పని ఈ మహిళలకు అప్పగించి, దానికి తగిన ప్రతిఫలం కూడా తీర్మానంలోనే చేర్చాలి. ఊరికే చేయమంటే అది రెండు నెలల ముచ్చటగా మిగులుతుంది.

రాబోయే గ్రామసభలో ఎవరైనా ప్రతిపాదించడానికి వీలుగా తీర్మానం నమూనా ఇక్కడ ఇస్తున్నాం. మీరు ప్రచురిస్తే పాఠకులు కత్తిరించి తీసుకెళ్లగలరు:

"మన గ్రామంలో ప్రతి వీధి చివరి కుళాయి దగ్గర వారానికి రెండుసార్లు, ట్యాంకు నింపే రెండు వేళల్లోనూ క్లోరిన్ పరీక్ష జరగాలి. పరీక్ష చేసినవారి సంతకంతో ఆ అంకెను నోటీసు బోర్డు మీద అదే రోజు రాయాలి. సున్నా వచ్చిన వీధిలో ఇరవై నాలుగు గంటల్లో లీకేజీ వెతకాలి. అది దొరికి బాగుచేసేదాకా ఆ లైనుకు నీళ్లు ఆపి ట్యాంకరుతో సరఫరా చేయాలి. తాగునీటి బ్లీచింగ్‌కు విడిగా స్టాకు పేజీ ఉండాలి. ట్యాంకు ఎన్నిసార్లు నిండింది, ఎన్ని కిలోలు వాడారు, ఎన్ని రోజులు సున్నా వచ్చింది, ఎన్ని లీకేజీలు దొరికాయి, ఎన్ని బాగుచేశారు అనే వివరాలు ప్రతి గ్రామసభలో మొదటి అంశంగా చదివి మినిట్స్ పుస్తకంలో నమోదు చేయాలి."

ఇట్లు,
గ్రామీణ తాగునీటి నిర్వహణలో పనిచేసిన కొందరు విశ్రాంత ఉద్యోగులు