చలికాలపు కూరలు మా సంతలోనే ఉన్నాయి

సంపాదకుల వారికి నమస్కారం.

చలికాలంలో తినవలసిన కూరగాయల గురించి పది రోజుల క్రితం మీ ఆరోగ్య పుటలో వచ్చిన వ్యాసం చదివిన నాటి నుంచి ఈ ఉత్తరం రాయాలని అనుకుంటూనే ఉన్నాను. కాలానికి తగిన కూరలు తినమని చెప్పడం మంచి పనే. కానీ ఆ వ్యాసంలో రంగుల బొమ్మలతో ముందు వరుసలో నిలబెట్టినవి బ్రకోలీ, జుకినీ, ఎర్ర క్యాబేజీ. ఒడిశాలోని మా పర్లాకిమిడిలో గాని, దగ్గరి కాశీనగరంలో గాని, గుణుపురంలో గాని సంచి పట్టుకుని సంతకు వెళ్లే ఇల్లాలు వాటిని ఎక్కడ కొనాలి? ధనుర్మాసం వచ్చేసరికి మా సంతలో కుప్పలు పడే చిక్కుడు, ముల్లంగి, మెంతికూర, పాలకూర, ఉల్లికాడలు, పచ్చి కందికాయలు, తీపి గుమ్మడి, కంద, పెండలం మీ వ్యాసకర్తకు కనిపించలేదు. చిక్కుడు, పాలకూర పేర్లు రెండూ చివరి వాక్యంలో ‘మొదలైనవి’ అనే మాటకు ముందు వచ్చి ఆగిపోయాయి.

కాలానికి వచ్చే కూరకు ఉన్న బలమంతా అది తాజాగా, దగ్గరి నుంచి రావడంలోనే ఉంది. ఆకుకూర కోసిన నాటి నుంచే అందులోని సి విటమిన్ తరగడం మొదలవుతుంది. అందువల్ల తెల్లవారుజామున ఏటి ఒడ్డు మడిలో కోసి, ఎనిమిది గంటలకు సంతలో దించిన మెంతికూరకు, నాలుగు రోజులు లారీలోను, ఆపైన అంగడి శీతల పెట్టెలోను మగ్గిన ఖరీదైన కూర సాటి రాదు. ఆ పాటి విషయం రాయకుండా ఆరోగ్య పుట నింపడం నాకు బాధ కలిగించింది.

ముల్లంగి సంగతి చెప్పకుండా ఉండలేను. దుంపలో కన్నా దాని ఆకులోనే సి విటమిన్, సున్నం (కాల్షియం) ఎక్కువగా ఉంటాయి. ఇప్పుడు అమ్మేవారే ఆకును మెలిపెట్టి తుంచి ఆవులకు వేస్తున్నారు, కొనేవారు కూడా బరువు తగ్గుతుందని తుంచమంటున్నారు. మా అమ్మ ఆ ఆకును సన్నగా తరిగి, పెసరపప్పుతో ఉడికించి, వెల్లుల్లి పోపు పెట్టేది. ఆ పోపులోని నూనె రుచి కోసమే కాదు, ఒంట్లో ఎ విటమిన్‌గా మారే బీటా కెరోటిన్ ఆకు నుంచి ఒంటికి పట్టాలంటే కొవ్వు తోడు ఉండాలి. అలాగే ఆకుకూరల్లోను, పప్పుల్లోను ఉండే ఇనుము ఒంటికి అంత తేలికగా పట్టదు. దానికి నిమ్మరసమో, ఉసిరికాయ పచ్చడో తోడైతే ఒంటికి మెరుగ్గా పడుతుంది, అన్నం తిన్న వెంటనే టీ తాగితే తగ్గుతుంది. తరిగాక కాకుండా తరగక ముందే కడగాలని, ఉడికించిన నీళ్లు వార్చి పారబోయకూడదని, రక్తం పలచబరిచే మాత్రలు వాడేవారు వైద్యుణ్ణి అడగకుండా ఆకుకూరలు ఒక్కసారిగా పెంచరాదని మీ వ్యాసంలో ఒక్క మాట లేదు. చదివేవారికి అక్కరకు వచ్చేవి ఇవే కదా!

ఇది పత్రిక ఒక్కదాని లోపమని నేను అనను. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి, ఆరు నెలలు దాటిన ఐదేళ్లలోపు పిల్లల్లో 67 శాతం మందికి రక్తహీనత ఉంది. బడి మధ్యాహ్న భోజనంలో ప్రాథమిక తరగతుల పిల్లవాడికి 50 గ్రాములు, ఆపై తరగతుల వారికి 75 గ్రాముల కూరగాయలు పెట్టాలని నిబంధన ఉంది. మా మనవడు చదివే బడిలో ఈ చలికాలమంతా ఆ గ్రాములు ఏ రోజు చూసినా బంగాళాదుంపలే. రోజుకు 400 గ్రాముల పండ్లు, కూరగాయలు తినమని చెప్పే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ లెక్కలో బంగాళాదుంపను చేర్చనే చేర్చదు. సంతలో పాలకూర కట్టలు మధ్యాహ్నానికి వాడిపోయి పారబోతకు సిద్ధంగా ఉంటే, నాలుగు వీధుల అవతల పిల్లల కంచాల్లో ఆకు అనేది కనిపించదు. అడిగితే ఆకు ఏరడానికి మనిషి లేదంటారు. పై అధికారిని అడిగితే బిల్లులు సక్రమంగా ఉన్నాయంటారు.

ప్రభుత్వం ఏటా సెప్టెంబరులో పోషణ మాసం జరుపుతుంది. ఆ నెలలో మా దగ్గర వానలు వదలవు, చలికాలపు పంట ఇంకా నారుమడిలోనే ఉంటుంది. అప్పుడు బల్లల మీద కూరగాయలు పేర్చి ఫొటోలు తీసుకున్నవారు, అసలు కూర సంతకు వచ్చే డిసెంబరు, జనవరి నెలల్లో ఒక్కరూ కనిపించరు. పంచిపెట్టే కాగితాలు ఒడియాలో మాత్రమే ఉంటాయి. ఒడియా నేర్చుకున్న మా పిల్లలు చదవగలరు, కానీ వంట చేసే మా అత్తలు, అమ్మలు తెలుగు తప్ప మరొకటి చదవలేరు. 1936లో ఒడిశా ఏర్పడిన నాటి నుంచి ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబాలకు ఒక పుట సమాచారం సొంత భాషలో ఇవ్వడానికి ఇంకా ఎన్నేళ్లు కావాలి? ఇక సంతకు నీడ లేదు, కుళాయి లేదు. కొండల మీది నుంచి కందికాయలు, గుమ్మడికాయలు మోసుకుని దిగే సవర గిరిజన స్త్రీలు ఎండలోనే కూర్చుంటారు, కొందరు ముల్లంగిని కాలువ నీళ్లలో కడుగుతారు. వారిని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు, ఎందుకంటే సంత పన్ను మాత్రం వారి వద్ద తప్పకుండా వసూలు చేస్తున్నారు.

మాకు తెలుగులో వచ్చే ఆరోగ్య సమాచారం మీ పత్రిక ద్వారానే కాబట్టి అడుగుతున్నాను. రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకుల్లో పరమాన్నం నైవేద్యం పెట్టే ఇళ్లు మావి. ఆ పండుగలోపు మీ విలేకరిని ఒక ఉదయం పర్లాకిమిడి సంతకు పంపండి. అక్కడ ఆ రోజు దొరికిన కూరల పేర్లు, వాటి ధరలు, వాటిని వండే పద్ధతి, వాటిలోని గుణాలు అదే పుటలో వేయండి. వీలైతే బడి భోజనం వడ్డించే వేళకు అక్కడి నుంచి అటు కూడా వెళ్లి, కంచాల్లో ఏముందో చూసి రాయమనండి.

ఇట్లు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా