అంచు లేని చెరువు చెరువేనా?

సంపాదకులు గారికి నమస్కారం.

నగరాలు పెరిగి చెరువులు, కుంటల లాంటి చిత్తడి నేలలు పోతున్నాయని వార్త వచ్చినప్పుడల్లా చర్చంతా ఆక్రమణల మీదే నడుస్తోంది, ఎవరు పూడ్చారు, ఎన్ని ఎకరాలు పోయాయి, కూల్చాలా వద్దా అని. ఆ చర్చ అవసరమే. కానీ లోపల ఒక్క తట్ట మట్టి పోయకుండానే చిత్తడి నేలను చంపేయొచ్చు, చంపేస్తున్నారు కూడా.

ఎగువన బీళ్లన్నీ లేఔట్లయి కాంక్రీటు పరుచుకున్నాక వాననీరు ఇంకే దారి ఉండదు. రోడ్ల మీది నూనెను, డ్రైనేజీని కలుపుకుని మొత్తం ఒక్కసారిగా చెరువులోకి వచ్చి పడుతుంది, వాన ఆగాక మళ్లీ మురుగు తప్ప చుక్క రాదు. ఆ మురుగులోని నత్రజని, భాస్వరం తిని నాచు, గుర్రపుడెక్క విపరీతంగా పెరుగుతాయి. పగలు ఆక్సిజన్ ఇచ్చే నాచే రాత్రంతా దాన్ని వాడేసుకుంటుంది, తెల్లవారుజామున చేపలు నీటి పైకొచ్చి నోళ్లు తెరిచి కొట్టుకుంటుంటాయి, పొద్దెక్కేసరికి తేలిపోతాయి. ఎవరో విషం కలిపారంటారు గానీ చాలాచోట్ల జరిగేది ఇదే.

నాకు ఇంతకంటే బాధగా అనిపించేది చెరువుల సుందరీకరణ. చుట్టూ నిటారుగా రాతికట్టు, దాని మీద వాకింగ్ ట్రాక్, లైట్లు, మధ్యలో లోతుగా తవ్విన నీళ్లు. జనం నడవడానికి చోటు కావాలి, కాదనను. కానీ అసలు పని చేసేది మోకాలిలోతు నీళ్లుండే ఆ అంచే కదా! తుంగ, జమ్ము వేళ్ల కింద గాలాడని నల్ల బురదలో ఉండే బాక్టీరియా నీటిలో నైట్రేటు రూపంలో ఉన్న ఆ నత్రజనిని వాయువుగా మార్చి గాల్లోకి వదిలేస్తుంది. ఎన్నో రకాల చేపలు గుడ్లు పెట్టేది, ఉల్లంకి పిట్టలు ముక్కు గుచ్చి పురుగులు ఏరుకునేది, దోమపిల్లల్ని తినే తూనీగ పిల్లలు బతికేది అక్కడే. అంచు తీసేస్తే మిగిలేది నీళ్ల తొట్టి.

చిత్తడి నేలలను కాపాడుకోవడానికి దేశాల మధ్య రామ్‌సర్ ఒప్పందం కుదిరింది 1971లో. అదే ఒప్పందం తరఫున 2018లో వచ్చిన నివేదిక, 1970 నుంచి 2015 మధ్య ప్రపంచంలోని చిత్తడి నేలల్లో 35 శాతం దాకా పోయాయని, అడవులకంటే మూడు రెట్ల వేగంగా పోతున్నాయని చెప్పింది. అభివృద్ధికి ఇవి అడ్డమనే వాళ్లు కోల్‌కతా తూర్పున ఉన్న 12,500 హెక్టార్ల చిత్తడి నేలల సంగతి తెలుసుకోవాలి. నగరం మురుగునీటిని అక్కడ ఎండ, నాచు, చేపలు కలిసి శుభ్రం చేస్తాయి, ఆ నీళ్లతోనే కూరగాయలు పండుతాయి.

లేఔటుకు అనుమతి ఇచ్చే ముందు, నిండు వానాకాలంలో నీరు ఎంత మేర పరుచుకుంటుంది, ఏ వాగు నుంచి వచ్చి ఎటు పోతుంది అనే మ్యాపు జనం ముందు పెట్టాలి, వాగులను కూడా చిత్తడి నేలలో భాగంగానే లెక్కగట్టాలి. సుందరీకరణ చేసేచోట కొంత ఒడ్డునైనా రాయి పేర్చకుండా వాలుగా వదిలేయాలి. మీ విలేకరులు ఇకపై ఇలాంటి పనుల ప్రారంభోత్సవానికి వెళ్లినప్పుడు ఎన్ని కోట్లని అడగడంతో ఆగకుండా, ఆ మ్యాపు చూపించమని కూడా అడగాలని నా విన్నపం.

ఇట్లు,
మీ పాఠకురాలు