దొంగ ఓడని పట్టుకునే లెక్క

ఆస్టిన్, టెక్సస్

చిన్నా,

సాపేక్ష వేగం చాప్టర్ అంటేనే పుస్తకం మూసేస్తున్నావట, అమ్మ చెప్పింది. ఫోన్‌లో చెబితే ‘ఊఁ, ఊఁ’ అంటావు గానీ నీ బుర్రకెక్కదు. అందుకే ఉత్తరం. పెన్సిల్ దగ్గర పెట్టుకుని చదువు.

ఇక్కడ శనివారాలు మా ఆఫీసు వాళ్ళతో ‘ట్రైప్లానెటరీ’ అనే బోర్డు గేమ్ ఆడుతున్నా. అంతరిక్షంలో ఓడల యుద్ధం. మొదట 1973లో వచ్చింది. 2018లో దాన్ని మళ్ళీ వేసిన స్టీవ్ జాక్సన్ గేమ్స్ వాళ్ళది ఈ ఊరే. బోర్డంతా ఆరు మూలల గళ్ళు, సూర్యుడు, చుట్టూ గ్రహాలు. ఓడ దారిని బోర్డు మీదే మైనపు పెన్సిల్‌తో గీస్తాం. కిందటి టర్న్‌లో ఎటు, ఎన్ని గళ్ళు పోయిందో ఈసారీ అటే, అన్నే పోతుంది. ఇంజన్ ఆపినా ఆగదు. ఒక యూనిట్ ఫ్యూయల్ కాలిస్తే, చేరబోయే చోటుని ఎటైనా ఒక్క గడి జరపొచ్చు. న్యూటన్ మొదటి సూత్రాన్ని నువ్వు బట్టీ పట్టావు, ఇక్కడ దానితో తన్నులు తినాలి.

దొంగ ఓడని పట్టుకోవాలంటే దాని గడిలోకి చేరితే చాలదు. దాని వేగం, దిక్కు కూడా నీకు ఉండాలి. కదిలే బస్సు ఎక్కాలంటే దాంతోపాటు పరిగెత్తాలిగా, అలాగ. కొత్తవాళ్ళు దొంగ ఇప్పుడున్న చోటికి గురిపెట్టి, జోరుగా దాటిపోయి, వెనక్కి తిరగలేక ఫ్యూయల్ అయిపోగొట్టుకుంటారు.

కిటుకు ఒకటే. దొంగ ఓడ ఆగి ఉందనుకో. నీ కదలికలోంచి దాని కదలిక తీసెయ్, మిగిలేదే సాపేక్ష వేగం. ఇద్దరూ టర్న్‌కి 3 గళ్ళు ఒకే వైపు పోతున్నారు, మధ్యలో 9 గళ్ళ దూరం ఉందనుకుందాం. 3 అనేది మర్చిపో, 9 మాత్రం చూడు. మూడు టర్న్‌లు వేగం పెంచి, మూడు టర్న్‌లు తగ్గిస్తే దూరం 1, 2, 3, 2, 1, 0 చొప్పున తరుగుతుంది. కూడితే 9. ఆరు టర్న్‌లు, ఆరు యూనిట్లు. తొందర లేకపోతే 1, 2, 2, 2, 1, 1, 0. ఇదీ 9 గళ్ళే. ఒక్క టర్న్ ఆలస్యం, ఖర్చు మాత్రం నాలుగు యూనిట్లే! ఓడలో ఉండేదే 20 యూనిట్లు, మళ్ళీ ఇంటికి రావాలి కదా.

ఇదంతా దొంగ తిన్నగా పోయినంతసేపే. గ్రహం చుట్టూ ఉన్న గళ్ళలో గ్రహం వైపు బాణం గుర్తులుంటాయి. ఆ గడిలోంచి పోతే తర్వాతి టర్న్‌లో దారి అటు ఒక గడి వంగుతుంది, చుక్క ఫ్యూయల్ ఖర్చు లేకుండా. మా బ్యాచ్‌లో ఒకతను ఎప్పుడూ శుక్రుడి పక్కనుంచే పారిపోతాడు. వాణ్ణి వెంటాడ్డం దండగ. వంపు తిరిగాక ఏ గడిలో తేలతాడో ముందే గీసుకుని అక్కడికి బయల్దేరాలి.

సరే, నీకు ఒక లెక్క. దూరం 16 గళ్ళు, ఇద్దరిదీ ఒకటే వేగం, ఒకటే దిక్కు. ఎన్ని టర్న్‌లు, ఎంత ఫ్యూయల్? రెండు రకాలుగా చేసి ఫొటో తీసి పంపు. నాన్నని అడక్కు, ఆయన సూత్రం చెప్పేస్తారు.

మీ అక్క