ఎడమ చెవి పక్కన మూసుకున్న తలుపు

ప్రియమైన మిత్రమా,

నీ రెండు ఉత్తరాలకూ ఇంతవరకు బదులు రాయనందుకు మన్నించు. ఇంట్లో అందరూ కులాసా, ఉద్యోగం ఎప్పటిలాగే ఉంది, మిగతా కబుర్లు తరవాత. నిన్న రాత్రి సంగతి నీకు చెప్పేదాకా నా మనసు నిలవదు.

స్టీరియోను విశాలం చేసే మీట నొక్కినప్పుడల్లా నాకు అసంతృప్తే మిగిలేదని నీకు తెలుసు. ఎడమ, కుడి సంకేతాల మధ్య తేడాను మాత్రమే హెచ్చిస్తే వాద్యాలు పక్కలకు జరుగుతాయి గానీ, రెండింటిలోనూ సమానంగా ఉండే గాయని గొంతు పలచబడిపోతుంది. నిన్న చేసింది వేరు: ఒక వైపు స్పీకరు ధ్వని అవతలి చెవికి అందకుండా చెరిపేశాను. కుడి స్పీకరు ధ్వని కుడి చెవితో ఆగదు. తలను చుట్టుకొని, మిల్లీసెకనులో సుమారు నాలుగోవంతు ఆలస్యంగా, కాస్త మొద్దుబారి ఎడమ చెవికీ చేరుతుంది. దానికి సరిగ్గా విలోమమైన ధ్వనిని ఎడమ స్పీకరు నుంచి పంపితే ఆ చెవి దగ్గర రెండూ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. అయితే ఆ విలోమ ధ్వని కూడా కుడి చెవిని తాకుతుంది, దాన్నీ చెరపాలి, ఆ చెరిపినదాన్నీ చెరపాలి, అలా అంతకంతకూ చిన్నదవుతూ... అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో శాస్త్రవేత్తలు మాన్‌ఫ్రెడ్ ష్రోడర్, బిష్ణు అటల్ 1960ల తొలినాళ్లలోనే ఈ దారి వేశారని తలచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది.

కృత్రిమ తల చెవుల్లో మైకులు అమర్చి రికార్డు చేసిన వాన చప్పుడు పెట్టి కళ్లు మూసుకున్నాను. స్పీకర్లు ఎదుట ఉన్నాయి, వాన మాత్రం నా భుజాల పక్కన కురిసింది. ఇంతలో ఎడమ చెవి పక్కనే ఒక తలుపు మూసుకుంది, నేను నిజంగానే తల తిప్పాను! స్పీకర్లు లేని చోట, గోడ వెనక నుంచి ఎవరో మాట్లాడినట్టు వినిపించిందని నువ్వు ఒకప్పుడు చెప్పావే, ఆ 'గోడ వెనకాయన' వచ్చేశాడురా. ఆనాడు నిన్ను నమ్మనందుకు ఇప్పుడు క్షమాపణ చెబుతున్నాను.

తల జానెడు పక్కకు జరిగితే అంతా చెదిరిపోయింది. స్పీకర్లను ఒకదానికొకటి దగ్గరకు చేరిస్తే ఆ కదలికను కొంత ఓర్చుకున్నాయి గానీ, మంద్ర ధ్వనులకు చాలా ఎక్కువ శక్తి కావలసివచ్చింది.

తరవాత, ఒకే మైకుతో ఎప్పుడో రికార్డు చేసిన అమ్మ గొంతు పెట్టాను. అది పక్కకు రాలేదు. రెండు చెవులకూ ఒకే సంకేతం అందుతుంటే జరపడానికి తేడా ఎక్కడుంటుంది? తెలిసీ ఆశపడ్డాను, చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

తల ఎక్కడుందో కెమెరాతో కనిపెట్టి లెక్కలు మార్చుకునే పద్ధతి కూడా ఉంది, దాని గురించి... ఎవరో పిలుస్తున్నారు, వెళ్లాలి. ఈ మాయ వినిపించే ఆ కుర్చీలో ఒక్కరికే చోటు. నువ్వు వచ్చినప్పుడు అది నీది.

ఇట్లు,
నీ మిత్రుడు