పువ్వు ఫోటో తీయనివ్వండి, చోటు మాత్రం అచ్చు వేయకండి

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో హిమాలయాల పూలలోయ ఫోటోలు రెండు పేజీల నిండా వేశారు. కళ్లు చల్లబడ్డాయి. పక్కనే చిన్న పెట్టె కట్టి, మన వెలిగొండల్లో ఎవరో పాఠకుడు తీసి పంపిన అగ్నిశిఖ పువ్వు ఫోటో కూడా వేశారు. సంతోషమే. కానీ దాని కింద ఏ కోన, ఏ వాగు, ఏ గట్టు, గుడి నుంచి ఎంత దూరం అన్నదంతా పూసగుచ్చినట్టు రాశారు. ఈ ఉత్తరం ఆ నాలుగు ముక్కల గురించే.

ఆత్మకూరులో నాకు ఫోటో స్టూడియో ఉంది. ముహూర్తాలు లేని రోజుల్లో కొండలెక్కి అడవి పూల ఫోటోలు తీయడం నా పిచ్చి. పోయిన ఆగస్టులో ఇదే పిచ్చి ఉన్న కొందరితో కలిసి ఆ పూలలోయకూ వెళ్లి వచ్చాను. ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో ఉందది. 1982లో జాతీయ పార్కు అయింది, 2005లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఏడాదిలో జూన్ నుంచి అక్టోబరు వరకే తెరుస్తారు. ఘాంఘరియా అనే చిన్న ఊళ్లో బస చేసి, పొద్దున్నే గేటు దగ్గర టికెట్టు కొని, పేరు రాయించుకుని లోపలికి వెళ్లాలి. వేసిన దారి దిగకూడదు. సాయంత్రంలోపు తిరిగి రావాలి, లోయలో రాత్రి ఉండనివ్వరు. పశువులను మేపడం కూడా ఎప్పుడో ఆపేశారు. కెమెరాను ఎవరూ కాదనలేదు. దాన్ని పట్టుకున్న మనిషి కాళ్లకే హద్దు పెట్టారు.

ఆ హద్దు ఎందుకో నీలి గసగసాల పువ్వు ముందు కూర్చుంటే తెలుస్తుంది. బండ సందులో ఒంటరిగా నిలబడి ఉంది. కాడంతా ముళ్లు. పల్చటి నీలం రేకుల నడుమ పసుపు కేసరాల గుత్తి. చిన్న గాలికే ఊగిపోతుంటే, అది నిలిచేదాకా ఊపిరి బిగబట్టి కాచుకోవాలి. ఆ మొక్క కొన్నేళ్లు వట్టి ఆకులతో బతికి, ఒకే ఒక్కసారి పూసి, గింజ పెట్టి చచ్చిపోతుంది. సరదాకి ఆ పువ్వు కోసినవాడు ఒక మొక్క పడ్డ కష్టమంతా తుడిచిపెట్టినట్టే. మంచు కరగడానికీ మళ్లీ కురవడానికీ మధ్య అక్కడ మొక్కలకు దొరికేది మూడు నాలుగు నెలలు. ఆ కొద్ది కాలంలోనే చిగురు, పువ్వు, గింజ అన్నీ అయిపోవాలి. తొక్కిన చోటు మళ్లీ కోలుకోవాలంటే ఏళ్లు పడుతుంది.

మన కొండల మీద మంచు పడదు, నిజమే. కానీ బండ మీద బతికే మొక్క అవస్థ ఇక్కడా దాదాపు అంతే. నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్లకు వేరే చెప్పాలా, మనకు గట్టి వానలు అక్టోబరు వచ్చాకే. ఆ రెండు మూడు నెలలే రాతి పలకల మీద వేలి మందం మట్టి తడిగా ఉంటుంది. పురుగులను పట్టి తినే కవరమొగ్గ ఆ తడి ఆరేలోపే పూసి గింజ రాల్చాలి. మొక్క మొత్తం రూపాయి బిళ్లంత ఉంటుంది. ఎర్రటి ఆకులు చక్రంలా నేలకు అంటుకుని ఉంటాయి. ఆకు మీది ప్రతి నూగుకూ కొసన ఒక జిగురు బొట్టు. ఫోటో తీయాలంటే బోర్లా పడుకోక తప్పదు. పడుకునే ముందు పొట్ట కింద ఇంకెన్ని ఉన్నాయో చూసుకోవాలి. నిలబడితే కనిపించనే కనిపించవు. (ఎక్కడ చూశానని అడగకండి, చెప్పను.)

చిక్కేమిటంటే, ఇవి పూసేదీ మనం వనభోజనాలకు బయల్దేరేదీ ఒకే కార్తీకంలో. పెంచలకోనకైనా భైరవకోనకైనా ఆ నెలలో వచ్చే జనం ఎంతో అందరికీ తెలుసు. దేవుణ్ణి చూడటానికి వచ్చేవారిని నేను తప్పుపట్టను. చేతిలో ఫోను ఉన్న ప్రతివాడికీ పువ్వు కనబడగానే ఒళ్లు తెలియకపోవడమే భయం. అగ్నిశిఖ సంగతే చూడండి. ఆ తీగ ఎక్కడానికి పట్టు దాని ఆకు కొసల్లోనే ఉంది. ఆకు చివర సన్నగా మెలి తిరిగి, పక్కనున్న పొదనో గడ్డి కాడనో చుట్టుకుంటుంది. వెనుక చిందరవందరగా ఉందని ఆ పొద కొమ్మలు విరిచి, గడ్డి పీకి ఫోటో తీస్తే, ఫోటో శుభ్రంగానే వస్తుంది. తీగ మాత్రం ఆధారం పోయి నేల మీద పడుతుంది. మీరు వేసిన ఫోటోలో ఎడమ మూల చూడండి, అప్పుడే విరిచిన కొమ్మ మోడు తెల్లగా కనబడుతోంది.

ఇక చోటు సంగతి. అగ్నిశిఖ దుంపకూ గింజలకూ మందుల వ్యాపారంలో ధర ఉంది. కుందేటి కొమ్ములు అని మనం పచ్చడి చేసుకునే మొక్క సారాన్ని బరువు తగ్గించే మాత్రలుగా అమ్ముకుంటున్నారు. చెట్ల కొమ్మల మీద పూసే ఆర్కిడ్‌లను పీకి ఇంటి వరండాలో వేలాడదీసుకునేవాళ్లకూ కొదవ లేదు. వీళ్లలో ఎవరికీ కొండంతా వెతికే ఓపిక ఉండదు. ఆ వెతుకులాట మనమే పూర్తి చేసి పేపర్లో అచ్చు వేస్తే ఇంకేం కావాలి? ఫోను కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే అక్షాంశ రేఖాంశాలు ఫోటోలోనే నమోదై ఉంటాయని చాలామందికి తెలియదు. తాము చూసిన మొక్కల, ప్రాణుల ఫోటోలు జనం పంచుకునే ఐనాచురలిస్ట్ వంటి ఆన్‌లైన్ వేదికలు ముప్పున్న జాతుల విషయంలో కచ్చితమైన చోటును దాచి, విశాలమైన ప్రాంతాన్నే చూపిస్తాయి. ఆ పని పత్రికలు చేయలేవా? ‘వెలిగొండలు, నెల్లూరు జిల్లా’ అని వేస్తే చదివేవాడికి ఏం తక్కువైంది?

అలాగని కొండకు తాళం వేయమని నేను అనడం లేదు. తాళం ఇప్పటికే ఉంది, అదీ తప్పు తలుపుకు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ అభయారణ్యంలోకి అనుమతి ఇవ్వదగిన కారణాలలో ఫోటోగ్రఫీని పేరు పెట్టి చెప్పింది. 2022 సవరణ దానికి షరతు కూడా చేర్చింది: ఆవాసాన్ని మార్చకూడదు, దానికి గానీ అక్కడి ప్రాణులకు గానీ కీడు జరగకూడదు. ఇంతకన్నా ఏం కావాలి? కానీ మన పెంచలకోన దగ్గరి పెనుశిల నరసింహ అభయారణ్యంలో పూల ఫోటోలు తీసుకుంటానని పద్ధతిగా అడగబోతే, ఈ కార్యాలయం ఆ కార్యాలయానికి పంపుతుంది, ఆ కార్యాలయంలో సారు ఊళ్లో ఉండరు. అడగకుండా గుడి వెనుక దారిన వెళ్లేవాణ్ణి ఆపేవారు లేరు.

అటవీ సిబ్బంది ఇబ్బంది నాకు తెలియక కాదు. ఎర్రచందనం మన తూర్పు కనుమల దక్షిణపు కొసన తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగదు. దాన్ని కాపాడే పనిలో ఉన్నవాళ్లు సంచీ తగిలించుకుని కొండెక్కే ప్రతి మనిషినీ అనుమానంగానే చూస్తారు. చూడాలి కూడా. అందుకే చెక్‌పోస్టులోనే ఒక పుస్తకం పెట్టి, ఆధార్ చూసి, కెమెరా వివరాలు రాసుకుని, వెళ్లే దారీ తిరిగి వచ్చే వేళా నిర్ణయించి పంపితే వాళ్లకే సులువు. వెంట ఒక యానాది మనిషినో, నల్లమల వైపైతే చెంచు మనిషినో తప్పనిసరి చేసి, రోజు కూలి మా చేత కట్టించండి. ఏ పొద కింద ఏ దుంప ఉందో చిన్నప్పటి నుంచి తెలిసినవాళ్లు. మేం ఎక్కడ కాలు పెట్టకూడదో వాళ్లకంటే బాగా చెప్పేవారు లేరు. దోర్నాల దగ్గర తుమ్మలబైలులో జీపు సఫారీ నడుపుతున్న శాఖకు ఇది చేతకాని పనేమీ కాదు. పులిని జీపులోంచి చూడవచ్చు గానీ కవరమొగ్గను చూడలేం కదా.

కార్తీకం మొదలయ్యేలోపు పెంచలకోన చెక్‌పోస్టు దగ్గర ఆ పుస్తకం, పక్కన ‘పొద విరవవద్దు, మొక్క పీకవద్దు, దారి దిగవద్దు’ అని ఒక బోర్డు పెట్టించాలని అటవీశాఖ జిల్లా అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మీరు కూడా పాఠకులు పంపే పూల ఫోటోల కింద జిల్లా పేరుతో సరిపెట్టండి. నేను తీసినవీ కొన్ని పంపుతాను, అదే షరతు మీద.

ఇట్లు,
ఒక ఫోటో స్టూడియో యజమాని,
ఆత్మకూరు, నెల్లూరు జిల్లా